మోదుగ పూసినప్పుడొకసారి, ఇప్ప రాలేటప్పుడొకసారి

ఆదిలాబాద్ వైపు పూల కోసం వెళ్దామనుకునేవాళ్ళు రూమ్ బుక్ చేసే ముందు ఏ పువ్వు కోసం వెళ్తున్నారో తేల్చుకోండి, ఎందుకంటే అక్కడ వసంతం ఒక్కరోజులో దిగదు, సంక్రాంతి అయ్యాక మామిడి పూతతో మొదలై మే నెలలో రేల దాకా ఒక్కో చెట్టు వంతు ఒక్కోసారి వస్తుంది. ఫిబ్రవరి చివర్లో వెళ్తే మోదుగ, బూరుగ, కొండగోగు. మార్చి చివర్లో అయితే ఇప్ప, కానుగ, వేప. రెండు లిస్టులూ ఒకే ట్రిప్పులో కవర్ అయిపోతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. మేం ఇంచుమించు అదే దారిలో శివరాత్రి అయ్యాక ఒకసారి, ఉగాది అయ్యాక మళ్ళీ వెళ్ళాం, రెండోసారి మా ఆవిడ "మనం పోయినసారి వచ్చిన రోడ్డు ఇదేనా?" అని ఫోన్లో మ్యాప్ తీసి మరీ చూసుకుంది.

ఇంకోటి స్టే సంగతి. ఇదివరకు రూమ్ అంటే ఏసీ ఉందా, గీజర్ పనిచేస్తుందా, కారు పెట్టుకోడానికి చోటుందా, ఇవే అడిగేవాణ్ణి. ఈ రూట్లో అడగాల్సింది వేరే ఉంది, పొద్దున అయిదున్నరకి గేటు తాళం తీస్తారా? ఎందుకంటే పూల దగ్గరికి పిట్టలు వచ్చేది, ఇప్ప రాలేది, దుప్పులు బయటికొచ్చేది అంతా ఎనిమిదిలోపే, ఆ తర్వాత ఎండెక్కితే మిగిలేది రోడ్డు పక్క ఫొటోలే. కింద నేను ఏది బాగుంది అన్నా ఏది బాలేదు అన్నా ఈ లెక్కలోనే అంటున్నా, మీకు పొద్దున తొమ్మిదికి లేచే అలవాటుంటే నా రేటింగులన్నీ తిరగేసి చదువుకోండి.

మాతో పాటు అత్తమ్మ కూడా వచ్చింది. వాళ్ళది జగిత్యాల దగ్గర పల్లె, చిన్నప్పుడు మోదుగాకులతో విస్తర్లు కుట్టిన మనిషి, చెట్టు పేరు చెప్పడానికి ఆవిడకి యాప్ అక్కర్లేదు.

హైదరాబాద్‌లో మేం బయల్దేరినప్పుడు టబెబుయా టైమ్ నడుస్తోంది, అదే ఆ గులాబీ రంగు చెట్లు, ఫిబ్రవరి మార్చిలో జనాలంతా వాటి కింద నిలబడి ఫొటోలు దిగి మన చెర్రీ బ్లాసమ్ అని పెడుతుంటారు కదా. బాగానే ఉంటాయి, కాదనను. అమెరికా ఖండం నుంచి తెచ్చి నాటిన చెట్లవి. వాటి మీద పిట్టలు కొట్లాడుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు, మోదుగ చెట్టు దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే ఆ తేడా మీకే తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు పోయే హైవే, ఎన్‌హెచ్ 44 గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రోడ్డు బాగుంటుంది, టోల్ గేట్లు వరసగా తగుల్తాయి, ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ చూసుకోండి అంతే. రామాయంపేట దాటాక పొలం గట్ల మీద ఒకటీ అరా మోదుగ చెట్లు కనపడటం మొదలవుతుంది. కానీ ఆగాల్సింది ఆర్మూర్ దగ్గర. ఫిబ్రవరి నుంచి ఆ చుట్టుపక్కలంతా పసుపు పనులు, తవ్విన కొమ్ముల్ని ఉడకబెట్టి కళ్ళాల్లో ఆరబోస్తుంటారు, కారు అద్దం దించితే ఆ ఉడికే వాసన లోపలికొస్తుంది, మట్టి వాసన, పచ్చి వాసన, కొంచెం ఘాటు అన్నీ కలిసి. ఆరబోసిన రాశులు చూడ్డానికి ఆపితే ఎవరూ ఏమీ అనలేదు, ఒకాయనైతే ఒక కొమ్ము విరిచి లోపల రంగు చూపించి "ఇది నిజామాబాద్ మార్కెట్‌కి పోతది" అని చెప్పాడు. పువ్వు కాదు గానీ ఈ సీజన్లో ఆ దారిలో కనపడే మొదటి పసుపు రంగు అదే.

అక్కడికి దగ్గర్లోనే అంకాపూర్. నాటుకోడి కూరకి పేరున్న ఊరు, చెప్పక్కర్లేదు. అయితే హైవే మీద నుంచి కాస్త పక్కకి వెళ్ళాలి, వెళ్ళి నిలబడితే వెంటనే ప్లేట్లో పెట్టే హోటల్ పద్ధతి కాదు, ముందు ఫోన్ చేసి కోడి చెప్తే వండి ఉంచుతారు, అన్నంతో పాటు పార్సిల్. మేం కామారెడ్డి దాటగానే ఫోన్ చేశాం కాబట్టి వెళ్ళేసరికి రెడీ. కారం మాత్రం మామూలుగా ఉండదు, చిన్నపిల్లలుంటే పెరుగు వేరే కొనుక్కోండి. ముగ్గురికి ఒక కోడి ఎక్కువైపోయింది, మిగిలింది రాత్రికి నిర్మల్‌లో తిన్నాం, ఆ రాత్రి మేం తిన్న వాటిలో బాగున్నది అదొక్కటే.

సోన్ దగ్గర గోదావరి బ్రిడ్జి దాటాక సీన్ మారుతుంది. నిర్మల్ దగ్గర పడేకొద్దీ నల్లరేగడి చేలల్లో పత్తి కట్టెలు పీకేసి ఉన్నాయి, ఎటు చూసినా బూడిద రంగు, ఆ మధ్యలో ఆకన్నదే లేకుండా నిలువెల్లా నారింజ రంగు వేసుకున్న మోదుగలు. ఒకచోట కారు ఆపి దగ్గరికెళ్ళాం. దూరం నుంచి అంతా ఒకే రంగులా కనపడుతుంది గానీ దగ్గరికెళ్తే ముందు కంటికి తగిలేది నలుపు, మొగ్గలూ పువ్వు అడుగున ఉండే తొడిమలూ నల్లటి ముఖమల్ బట్టలా ఉంటాయి, వేలితో రాస్తే నూగు తెలుస్తుంది. అందులోంచి పువ్వు వంపు తిరిగి బయటికొస్తుంది. వాసన ఏమీ ఉండదు, ముక్కు దగ్గర పెట్టుకుని మా ఆవిడ నిరాశ పడింది. అత్తమ్మ ఒక పువ్వు తెంపి మొదట్లో పట్టుకుని నొక్కితే చిన్న చుక్క తేనె వచ్చింది, "మేం చిన్నగున్నప్పుడు బడికి పొయ్యేటప్పుడు గిట్లనే పీల్చేటోళ్ళం" అంది. పీల్చి చూశా, తీపి ఉంది, కొంచెం వగరు కూడా ఉంది.

పైన కొమ్మల్లో జరిగే గొడవ వేరే. గోరింకలు గుంపులుగా, ఏట్రింత ఒకటి వాటిని తరుముతూ, తేనెపిట్టలు సందు చూసుకుని దూరుతూ, రెండు ఉడతలు పువ్వుల్ని కొరికి కిందికి పడేస్తూ. ఎండాకాలం వచ్చే ముందు నీళ్ళు మిగుల్చుకోడానికి ఈ అడవి చెట్లు ఆకులు రాల్చేస్తాయి, ఆకు అడ్డం లేదు కాబట్టి పువ్వు మైలు దూరం నుంచి పిట్టలకి కనపడుతుంది, తేనె తాగడానికొచ్చిన పిట్ట తలకి పుప్పొడి అంటుకుని ఇంకో చెట్టుకి చేరుతుంది. అందుకే వీటికి వాసనతో పని లేదు, రంగుతోనే పని జరిగిపోతుంది. అత్తమ్మ రాలిన పూలు ఒక కవర్ నిండా ఏరుకుంది, హోలీకి.

నిర్మల్‌లో రాత్రి బస. పేరు రాయను, బస్టాండ్‌కి దూరంగా రోడ్డు పక్కన ఉన్న ఒక లాడ్జి, బుకింగ్ సైట్లో ఫారెస్ట్ వ్యూ అని పెట్టారు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ జనరేటర్. రూ.1,800 తీసుకున్నారు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిచ్చారు, పైకి సామాను మోసిన కుర్రాడు మంచివాడు, అడక్కుండానే రెండోసారి టీ తెచ్చాడు. కానీ పొద్దున అయిదున్నరకి కిందికి దిగితే షట్టర్ వేసి తాళం, వాచ్‌మన్ ఎక్కడ పడుకున్నాడో ఎవరికీ తెలీదు, ఫోన్ చేస్తే రిసెప్షన్ టేబుల్ మీదే ఫోన్ మోగుతోంది. ఏడుంబావుకి బయటపడ్డాం. రాత్రి పడుకునే ముందే "పొద్దున్నే వెళ్తాం" అని చెప్పాం కూడా, రాసుకున్నారు కూడా. ఆ ఒక్క కారణానికి ఆ లాడ్జికి నా దగ్గర మార్కుల్లేవు. పూల కోసం వెళ్ళేవాళ్ళు అసలు నిర్మల్‌లో రాత్రి ఉండటం దేనికి, మధ్యాహ్నానికి దాటేసి జన్నారం చేరుకోండి, అదే నా సలహా.

పగటిపూట నిర్మల్‌కి మాత్రం గంట సమయం పెట్టండి, బొమ్మల కోసం. పొనికి కర్ర అని చాలా తేలికైన చెక్క, దాంతో చేసి చింతగింజల పొడి జిగురు కలిపిన ముద్దతో అతికించి రంగులేస్తారు. పండ్లు, కూరగాయలు, పిట్టలు. ఒక పాలపిట్ట కొన్నాం, రాష్ట్ర పక్షి కదా, అడవిలో తీగ మీద నిజం పాలపిట్ట కనపడినప్పుడు మా ఆవిడ దీన్ని బయటికి తీసి రంగులు సరిపోయాయా లేదా అని చూసింది. సరిపోలేదు, కానీ బాగుంది.

నిర్మల్ దాటాక కొత్త హైవే పట్టుకుంటే తొందరగా వెళ్తారు గానీ మీరు పాత రోడ్డెక్కండి, మహబూబ్ ఘాట్ మీదుగా. లారీలన్నీ కొత్త రోడ్డు మీదికి పోయాయి కాబట్టి ఘాట్ ఖాళీగా ఉంటుంది. ఫిబ్రవరి చివర్లో టేకు ఆకులు రాలిపోయి కొండంతా అస్థిపంజరం, ఆ రాళ్ళ మధ్యన కొండగోగు, దీన్ని చాలామంది చూసీ గుర్తుపట్టరు. వంకర కొమ్మలు, ఆకు లేదు, చివర్న మాత్రం అరచెయ్యంత పసుపు పువ్వులు. మోదుగలా గుత్తులు గుత్తులు ఉండదు, అక్కడో నాలుగు ఇక్కడో నాలుగు, అయినా నాకు ఈ ట్రిప్పులో మోదుగ కంటే ఇదే నచ్చింది. ఘాట్లో కోతులున్నాయి, బండి దిగేటప్పుడు చేతిలో తినేవి పెట్టుకోకండి.

కుంటాల జలపాతం, నేరడిగొండ నుంచి పక్కకి వెళ్ళాలి. కడెం వాగు మీద 147 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, వానాకాలంలో చూడాల్సిందే. మేం వెళ్ళినప్పుడు రెండు మూడు పాయలు సన్నగా, మిగతా అంతా ఎండిన బండ. శివరాత్రికి అక్కడ సోమేశ్వరస్వామి దగ్గరికి జనం బాగా వస్తారు, వచ్చినవాళ్ళు వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసులు, కవర్లు ఇంకా బండల మీదే ఉన్నాయి. మెట్లు చాలా ఉన్నాయి, దిగడం ఒక ఎత్తయితే ఎక్కడం ఇంకో ఎత్తు, అత్తమ్మ సగం దిగి కూర్చుండిపోయింది, "నీళ్ళు లేని దానికి నా మోకాళ్ళెందుకు" అని. ఆవిడ మాటే కరెక్ట్. నీళ్ళ గుండాల్లో దిగకండి, అక్కడ ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా ఉన్నాయి. ఈ సీజన్లో అయితే కుంటాల వదిలేసి ఆ రెండు గంటలు అడవిలో పెట్టుకోండి.

నేరడిగొండ నుంచి ఇచ్చోడ మీదుగా గుడిహత్నూర్, అక్కడ కుడివైపు తిరిగితే ఇంద్రవెల్లి, ఉట్నూర్. ఈ రోడ్డు మీదే అసలు సంగతంతా ఉంది. కాస్త లోపలికి వెళ్తే కేస్లాపూర్, గోండుల నాగదేవత నాగోబా గుడి. జాతర పుష్య అమావాస్యకి అవుతుంది, మేం వెళ్ళేసరికి అయిపోయి మైదానం ఖాళీ. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు సొంత డబ్బులు వేసుకుని కట్టుకున్న కొత్త రాతిగుడి చాలా బాగుంది, చెక్కడం దగ్గర నుంచి చూడండి, తొందరపడకండి. చుట్టూ మర్రిచెట్లు. గుడి దగ్గర అమ్మేవాళ్ళు, లాగేవాళ్ళు ఎవరూ లేరు, చెప్పులు ఎక్కడ వదిలామో తిరిగొచ్చాక అక్కడే ఉన్నాయి. పెద్ద గుళ్ళకి అలవాటుపడ్డ ప్రాణానికి అదో వింత.

గుళ్ళ మాటొచ్చింది కాబట్టి బాసర గురించి కూడా చెప్పేస్తా. వసంత పంచమికి బాసర వెళ్ళి అట్నుంచి అటు అడవి పూలు చూసొద్దాం అని చాలామంది ప్లాన్ వేస్తారు. పంచమి మాఘమాసంలో, జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో వస్తుంది, పేరుకే వసంతం, ఇక్కడ పొద్దున మంచు పడుతుంటుంది, మోదుగ అప్పటికి మొగ్గలోనే. పైగా అక్షరాభ్యాసాలకి ఆ రోజు బాసరలో ఇసకేస్తే రాలనంత జనం. పిల్లకి అక్షరాలు దిద్దించాలంటే ఆ రోజు వెళ్ళండి, పూలకైతే నెల ఆగండి.

ఉట్నూర్ నుంచి జన్నారం దారి కవ్వాల్ టైగర్ రిజర్వ్ మధ్యలోంచి పోతుంది. 2012లో టైగర్ రిజర్వ్ అయింది, మహారాష్ట్ర తడోబా వైపు నుంచి పులులు ఈ అడవుల్లోకి వస్తూ పోతూ ఉంటాయి. పులి కనపడుతుందని మాత్రం వెళ్ళకండి, మాకు కనపడలేదు, మేం కలిసినవాళ్ళెవరికీ కనపడలేదు. స్పీడ్ తగ్గించి నడపండి, చెక్‌పోస్టుల దగ్గర వివరాలు అడుగుతారు, చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోకండి.

జన్నారంలో టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ ఉంది, ప్రైవేటు వాళ్ళవి చిన్న చిన్న కాటేజీలు కూడా ఉన్నాయి. మేం ఉన్నది ఒక ప్రైవేటు కాటేజీలో, రూ.2,200, భోజనం వేరే. గది మామూలే, టీవీ పని చెయ్యలేదు, అడగనూ లేదు. కానీ ఓనర్ రాత్రే వచ్చి "పొద్దున ఎన్నింటికి లేస్తరు సార్, చాయ్ ఫ్లాస్క్‌లో పోసి పెడ్తా" అన్నాడు, అయిదింటికి తలుపు దగ్గర ఫ్లాస్క్ ఉంది, గేటు తీసి ఉంది. మర్నాడు కూడా అదే. రాత్రి భోజనంలో పప్పు, వంకాయ కూర, జొన్నరొట్టె, ఇంట్లో తిన్నట్టే. నెట్‌వర్క్ ఒక కంపెనీది మాత్రమే వచ్చింది, ఇంకోటి సున్నా, ఫోన్‌పే నమ్ముకోకుండా చేతిలో క్యాష్ ఉంచుకోండి.

పొద్దున అటవీ శాఖ సఫారీ. చలి బాగానే ఉంది. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు గానీ కవ్వాల్‌కి ఆ కబురు అందినట్టు లేదు, స్వెటర్ లేకుండా వెళ్తే వణుకుతారు. గైడ్ ఆ ఊరి మనిషే, యాభై దాటి ఉంటాయి, తక్కువ మాట్లాడాడు. ఒకచోట బండి ఆపి పైకి చూపించాడు. బూరుగ చెట్టు, నిటారుగా, మొదట్లో ముళ్ళు, పైన ఎర్రటి పువ్వులు, మందంగా మైనం పూసినట్టు. పైన కొండముచ్చుల గుంపు పువ్వులు తెంపుకుని సగం తిని సగం పారేస్తోంది. కింద పది పన్నెండు దుప్పులు ఆ పడ్డ పువ్వుల్ని తింటున్నాయి. పువ్వు పడినప్పుడు టప్ అని చప్పుడు వస్తుంది, దుప్పి తల ఎత్తదు, చెవి మాత్రం అటు తిప్పి, తర్వాత నిదానంగా నడిచి వెళ్ళి అందుకుంటుంది. "పైన కొండముచ్చు ఉంటే కింద దుప్పికి ధైర్యం సార్, పులొస్తే పైనోడు ముందు అరుస్తడు" అన్నాడు గైడ్. ఎంతసేపు చూశామో తెలీదు. వెనక బండిలో వచ్చినవాళ్ళు పులి లేదా అని అడిగి వెళ్ళిపోయారు.

సఫారీ బండి గురించి ఒక మాట, సీట్లు గట్టి, దుమ్ము విపరీతం, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందు సీటు అడగండి. తిరిగొచ్చేటప్పుడు కడెం ప్రాజెక్టు మీదుగా ఖానాపూర్, నిర్మల్. 2022 జులై వరదలో గేట్ల పైనుంచి నీళ్ళు పొంగిన డ్యామ్ అదే, ఇప్పుడు చూస్తే నీళ్ళు ఎక్కడో లోపలికి, ఒడ్డున గొర్రెలు మేస్తున్నాయి. సాయంత్రం పూట బాగుంటుంది, పావుగంట చాలు.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఆ మోదుగ పూలు నీళ్ళల్లో వేసి ఉడికించింది, రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున వడకడితే పసుపు రంగు దిగింది. చిటికెడు సున్నం వేసేసరికి చూస్తుండగానే నారింజకి తిరిగింది. అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ హోలీకి అదే, రెండు బకెట్లు. నా తెల్ల బనియన్ మీద మరక ఒక ఉతుకుకి సగం పోయింది, ప్యాకెట్ రంగుల్లా చర్మం మండలేదు.

ఉగాది తర్వాత రెండోసారి. ఈసారి సొంత కారు తియ్యలేదు, నిర్మల్ దాకా బస్సులో వెళ్ళి అక్కడ బండి మాట్లాడుకున్నాం, రోజుకి రూ.2,800 డీజిల్ కాకుండా, డ్రైవర్ బత్తా వేరే. ఈ పని చెయ్యడమే మంచిది, డ్రైవర్ది ఉట్నూర్ దగ్గరే కాబట్టి ఏ మలుపులో ఏ చెట్టుందో ఆయనకి తెలుసు, పొద్దున నాలుగున్నరకి రమ్మంటే నాలుగుంబావుకే వచ్చి హారన్ కొట్టకుండా బండిలో కూర్చున్నాడు.

మోదుగ లేదు. నారింజ రంగు మొత్తం పోయి కొమ్మలకి లేతాకుపచ్చ చపటా కాయలు వేలాడుతున్నాయి, మూడేసి చొప్పున లేతాకులు వస్తున్నాయి. అత్తమ్మ ఆకు పట్టుకుని చూసి ఇంకా విస్తరికి పనికిరాదు, ముదరాలి అంది. ఊళ్ళల్లో మాత్రం కానుగ చెట్లు వెలిగిపోతున్నాయి, ఆ ఆకు మెరుపు రెండు వారాలే ఉంటుంది, దాని కింద నేలంతా తెల్లటి పూరేకులు. వేప పూత వాసన సాయంత్రం గాలికి తెలుస్తుంది. ఘాట్ మీద కొండగోగు పూలు అయిపోయి కాయలు కట్టాయి. పొద్దున పది దాటితే నిలబడలేని ఎండ, నెల రోజుల కింద స్వెటర్ వేసుకున్న చోటే.

ఈసారి ఉట్నూర్ దగ్గర గూడెంలో తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఇంట్లో ఉన్నాం. గోండుల ఇల్లు, మట్టి గోడలు, అలికిన నేల, బయట నులక మంచాలు. ఏసీ లేదు, కరెంటు రెండుసార్లు పోయింది, బాత్రూమ్ ఇంటి వెనక విడిగా ఉంది కానీ కడిగినట్టుంది. మనిషికి రూ.700, రెండు పూటలా భోజనంతో. ఇంత దారిలో ఎక్కడ ఉండాలి అని ఎవరడిగినా నేను ఇలాంటి ఇంటి పేరే చెప్తా, ఎందుకంటే ఆ ఇంట్లో వాళ్ళే నాలుగింటికి లేస్తారు. ఏప్రిల్ వస్తోందంటే అక్కడ అందరూ లేస్తారు, ఇప్ప పువ్వుకి.

చీకట్లోనే బయల్దేరి టార్చ్ వెలుగులో చేను దాటి వెళ్ళాం. చెట్టు కనపడక ముందే వాసన వచ్చింది, తియ్యగా, బరువుగా, కొంచెం పులిసినట్టు. ఇంటావిడ గంప పక్కన పెట్టి వంగి ఏరుతోంది, పక్క చెట్టు కింద ఇద్దరు ఆడపిల్లలు. మీగడ రంగులో గుండ్రటి చిన్న పువ్వు, లోపల బోలుగా ఉంటుంది, రెండు వేళ్ళతో నొక్కితే రసం చిమ్మి వేళ్ళు జిగురు జిగురు. నోట్లో వేసుకుంటే మొదట చక్కెర, మింగాక గొంతులో ఘాటు. పడుతూనే ఉన్నాయి, నా భుజం మీద, అత్తమ్మ కొంగులో. "రాత్రంతా గబ్బిలాలు తింటయి, తెల్లారినంక మాది" అంది ఇంటావిడ, చెయ్యి ఆపకుండా. చెట్టు కింద ఆకులన్నీ చీపురుతో ఊడ్చి పెట్టుకుంది. కొన్నిచోట్ల ఊడ్చే బదులు ఆకులకి నిప్పు పెడతారు, అది పాకి అడవి అంటుకుంటుంది, అటవీ శాఖ వాళ్ళు ప్రతి ఏడూ చెప్తూనే ఉంటారు. మా ఆవిడ ఏరడానికి కూర్చుని పావుగంటకి నడుం పట్టుకుని లేచింది, ఇంటావిడ గంప అప్పటికి సగం నిండింది.

ఆ పువ్వుల్ని ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుపోతాయి. సారా ఒక్కదానికే అనుకుంటారు గానీ ఉట్నూర్‌లో ఆదివాసీ మహిళలు చేసే ఇప్ప లడ్డూలు ఇప్పుడు బాగా పేరు తెచ్చుకున్నాయి, నువ్వులు, పల్లీలు, బెల్లంతో. కొనండి. వారం పైనే నిలవున్నాయి మా ఇంట్లో, మా ఆఫీసులో అందరికీ నచ్చాయి, తీపి తక్కువ.

అట్నుంచి జైనూర్ మీదుగా కెరమెరి ఘాట్, జోడేఘాట్. దారిలో మార్లవాయి దగ్గర హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులున్నాయి, గోండుల మధ్య ఉండి వాళ్ళ గురించి రాసిన ఆస్ట్రియా మనిషి, ఆగి చూడొచ్చు. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం నేలకొరిగిన చోటే మ్యూజియం కట్టారు, పిల్లలుంటే తప్పకుండా చూపించండి. తినడానికి దార్లో పెద్దగా ఏం దొరకదు, అటుకులో రొట్టెలో కట్టుకుని వెళ్ళండి, నీళ్ళు మనిషికి రెండు లీటర్లకి తగ్గకుండా. కెరమెరి ఘాట్ మలుపుల్లో వాంతులయ్యేవాళ్ళు నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి. పైన వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే లోయంతా లేత ఎరుపు, కొత్త చిగుళ్ళ రంగది, పువ్వులనుకుని పొరపడతారు.

దిగేటప్పుడు ఒక రేల చెట్టు చూపించాడు డ్రైవర్, ఇంకా నల్లటి పొడుగు కాయలే వేలాడుతున్నాయి. మే లోకి వెళ్తే ఆకు కనపడకుండా పసుపు జాలర్లు దిగుతాయి, అప్పుడు రండి సార్ అన్నాడు, ఎండ మాత్రం 45 దాకా పోతుందని తనే చెప్పాడు. మా ఆవిడ అప్పుడే క్యాలెండర్లో శని ఆదివారాలు వెతుకుతోంది. అత్తమ్మ మాత్రం "గా ఎండల నేను రాను, మీరు పోయిరాన్రి, పూలేం వద్దు గాని మొర్రిపండ్లు దొరికితే నాలుగు దోసిళ్ళు పట్టుకరాన్రి" అంది.